బాక్టీరియా వల్ల కలిగే ఫుడ్ పాయిజనింగ్

బాక్టీరియాతో గాని, బాక్టీరియా విడుదల చేసిన విషపదార్థాలతో గాని కలుషితమైన ఆహారాన్ని, నీటిని తీసుకోవడం వల్ల కలిగే అస్వస్థతను ఫుడ్ పాయిజనింగ్ అంటారు. తెలుగులో దీనిని ఆహారం విషతుల్యం కావడం అనీ, కలుషితాహార వ్యాధి అనీ వ్యవహరిస్తారు. వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి, జ్వరం, నీరసం దీని ముఖ్య లక్షణాలు. చాలామందిలో ఒకటి రెండు రోజులలో తగ్గిపోతుంది. అయితే పసిపిల్లలలోను, వృద్ధులలోను, గర్భిణులలోను, వ్యాధినిరోధక శక్తి తక్కువగా ఉన్నవారిలోను ప్రాణాంతకం కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించిన అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 60 కోట్లమంది కలుషితాహారం వల్ల జబ్బు పడుతున్నారు. వారిలో 4,20,000 మంది మరణిస్తున్నారు. ఈ మృతులలో 1,25,000 మంది అయిదేళ్ళలోపు పిల్లలు. ఈ లెక్కలో బాక్టీరియాతో పాటు వైరస్‌లు, పరాన్నజీవులు, రసాయనాల వల్ల కలిగినవి కూడా ఉన్నాయి.

విషం అనే మాట వల్ల ఎవరో ఏదో కలిపారన్న అపోహ సామాన్యులలో కలుగుతుంది. పూర్వం శాస్త్రజ్ఞులు కూడా కుళ్ళిన మాంసంలో పుట్టే టోమైన్ అనే రసాయనమే దీనికి కారణమని భావించేవారు. 1888లో జర్మనీలోని ఫ్రాంకెన్‌హౌసెన్‌లో జబ్బుపడిన ఆవు మాంసం తిని అనేకులు అస్వస్థులైనప్పుడు, ఆ మాంసంలోను, మరణించిన వ్యక్తి అవయవాలలోను ఒకే బాక్టీరియా ఉన్నట్లు ఆగస్ట్ గెర్ట్‌నర్ కనుగొన్నాడు. దానినే నేడు సాల్మొనెల్లా ఎంటరైటిడిస్ అంటున్నారు. కుళ్ళు వాసన వచ్చే ఆహారమే ప్రమాదకరమనే నమ్మకం ఇంకా పోలేదు. నిజానికి వ్యాధిని కలిగించే బాక్టీరియా ఉన్న ఆహారం రంగు, రుచి, వాసనలలో ఏ మార్పూ లేకుండా ఉండవచ్చు.

హైదరాబాదు నేపథ్యం

హైదరాబాదులో బయటి తిండికి పేరుపొందిన ప్రాంతాలలో అబిడ్స్, నాంపల్లి ముఖ్యమైనవి. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ నడిపిన దుకాణం వల్ల అబిడ్స్‌కు ఆ పేరు వచ్చింది. నాంపల్లి రైల్వే స్టేషన్, మొజంజాహీ మార్కెట్, ఆదివారం అబిడ్స్ కాలిబాటల మీద పరచే పాతపుస్తకాల బజారు, ఇరానీ హోటళ్ళు నిత్యం వేలాదిమందిని ఆకర్షిస్తాయి. 1938లో బాగే ఆమ్‌లో ప్రారంభమై 1946లో నాంపల్లి మైదానానికి మారిన నుమాయిష్ ఏటా జనవరి 1న మొదలై నెలన్నర పాటు జరుగుతుంది. రంజాన్ మాసంలో హలీం బట్టీలు వెలుస్తాయి. ఒకేచోట వండి తక్కువ సమయంలో ఎక్కువమందికి వడ్డించే ఇటువంటి ప్రదేశాలలో ఒక్క పాత్రలో జరిగిన పొరపాటు వందలమందికి చేరుతుంది.

ఈ ప్రమాదం ఎంత నిజమైనదో 2024 అక్టోబరులో నగరం చూసింది. బంజారాహిల్స్ నందినగర్ ప్రాంతంలో మోమోలు తిన్న తరువాత ఒక మహిళ మరణించింది, మరి పలువురు ఆసుపత్రుల పాలయ్యారు. మోమోలతో ఇచ్చిన మయొనైజ్ మీద అనుమానం కలిగింది. పచ్చి గుడ్లతో చేసే మయొనైజ్ తయారీని, నిల్వను, అమ్మకాన్ని ఏడాది పాటు నిషేధిస్తూ తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న ఉత్తర్వు ఇచ్చింది. అంతకు ముందు 2023 జనవరిలో కేరళ కూడా ఇటువంటి నిషేధాన్ని విధించింది. 2024 నవంబరులో నారాయణపేట జిల్లా మాగనూరు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిన్న విద్యార్థులు పలువురు అస్వస్థులయ్యారు. ఈ వ్యాధి నగరపు చిరుతిళ్ళకు మాత్రమే పరిమితమైనది కాదు.

బాక్టీరియా వృద్ధి

అనుకూల పరిస్థితులలో కొన్ని బాక్టీరియాలు ఇరవై నిమిషాలకొకసారి రెండుగా చీలుతాయి. ఆ లెక్కన ఒక్క బాక్టీరియా కణం ఏడు గంటలలో ఇరవై లక్షలు దాటుతుంది. ఇందుకు తేమ, పోషకాలు, వెచ్చదనం, సమయం కావాలి. 5 డిగ్రీల నుండి 60 డిగ్రీల సెంటీగ్రేడు వరకు గల ఉష్ణోగ్రతను ప్రమాద మండలం అంటారు. 5 డిగ్రీలకు దిగువన చాలా బాక్టీరియాల పెరుగుదల బాగా మందగిస్తుంది, కాని అవి చావవు. 60 డిగ్రీలకు పైన వృద్ధి ఆగిపోతుంది. 70 డిగ్రీల వేడి లోపలి వరకు చేరితే దాదాపు అన్ని వ్యాధికారక బాక్టీరియాలూ నశిస్తాయి. మే నెలలో హైదరాబాదు పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది కనుక ఆ రోజులలో వంటగది గట్టు మీద ఉంచిన కూర ప్రమాద మండలం నడిబొడ్డున ఉన్నట్లే.

ఇరానీ హోటల్లో నిరంతరం కాగుతూ ఉండే చాయ్ చాలావరకు నిరపాయకరం. తేమలేని ఉస్మానియా బిస్కెట్ కూడా అంతే. అక్కడ బలహీనమైన చోటు గ్లాసులను ముంచి తీసే నీళ్ళ బకెట్. అలాగే నుమాయిష్‌లో మరిగే నూనెలోనుండి తీసిన మిరపకాయ బజ్జీ కంటె దానితో ఇచ్చే పచ్చి చట్నీ గురించి ఎక్కువ ఆలోచించాలి. పానీపూరీలో పూరీకి ప్రమాదం లేదు. చేయి ముంచి తీసే పానీలోనే ఉంది.

విషం ముందే తయారయ్యే రకం

ఈ రకంలో బాక్టీరియా ఆహారంలోనే విషాన్ని తయారుచేస్తుంది. అందువల్ల లక్షణాలు త్వరగా కనిపిస్తాయి. స్టెఫైలోకోకస్ ఆరియస్ మనుషుల ముక్కులోను, చర్మం మీద, గాయాలలోను ఉంటుంది. వేలికి పుండు ఉన్న వంటవాడు కోవా, పాలకోవా, క్రీం కేకుల వంటివాటిని చేతితో తాకినప్పుడు అందులోకి చేరుతుంది. తిన్న అరగంట నుండి ఎనిమిది గంటల లోపల వాంతులు మొదలవుతాయి. ఇందులోని విశేషం, తిరిగి మరిగించినా ఈ విషం నశించదు. అనుమానం వచ్చిన పాలపదార్థాన్ని మళ్ళీ కాచి వాడుకోవడం వల్ల బాక్టీరియా చావవచ్చు గాని విషం మిగిలే ఉంటుంది.

అన్నానికి సంబంధించిన బాక్టీరియా బాసిల్లస్ సీరియస్. ఇది మట్టిలో ఉంటుంది, బియ్యంతో పాటు వంటింటికి వస్తుంది. ప్రతికూల పరిస్థితులలో గట్టి పొరగల సిద్ధబీజాలుగా మారుతుంది. అన్నం ఉడికినా సిద్ధబీజాలు బతుకుతాయి. వేడి అన్నం మెల్లగా చల్లారుతున్నప్పుడు అవి మొలకెత్తి, వృద్ధి చెంది, విషాన్ని విడుదల చేస్తాయి. మధ్యాహ్నం మిగిలిన బిరియానీని మూతపెట్టి అలాగే ఉంచి రాత్రికి వేడిచేసుకొని తినేవారు తెలుసుకోవలసిన విషయం ఇదే. వాంతులు కలిగించే ఈ విషం కూడా వేడికి లొంగదు. ఇదే బాక్టీరియా పేగులలో విరేచనాలు కలిగించే మరొక రకం విషాన్ని కూడా తయారుచేస్తుంది. దాని లక్షణాలు ఆరు నుండి పదిహేను గంటలకు కనిపిస్తాయి.

క్లాస్ట్రిడియం బొటులినం విషం పక్షవాతాన్ని కలిగిస్తుంది. 1895లో బెల్జియంలో పందిమాంసం తినడం వల్ల సంభవించిన మరణాలను పరిశోధించి ఎమిల్ వాన్ ఎర్మెంజెం దీనిని గుర్తించాడు. సరిగా శుద్ధిచేయని డబ్బా ఆహారాల వల్ల రావచ్చు. ఉబ్బిన డబ్బాను తెరవకుండానే పారవేయాలి.

పేగులలో వ్యాధిని కలిగించే రకం

హలీం, నిహారీ, పాయా వంటి మాంసపు వంటకాలకు సంబంధించినది క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్. దీనికి కూడా సిద్ధబీజాలు ఉంటాయి, ఆక్సిజన్ లేనిచోట పెరుగుతుంది. గంటల తరబడి ఉడికి, బట్టీ మీద పొగలు కక్కుతున్న డేగ్‌లోని హలీంలో ఇది పెరగదు. ఆ హలీం పార్సిలుగా ఇంటికి చేరి, సహరీ కోసం తెల్లవారుజాము దాకా బల్ల మీద ఉన్నప్పుడు చిక్కు వస్తుంది. చిక్కని పదార్థం పైన చల్లారినా లోపల గంటల కొద్దీ గోరువెచ్చగా ఉంటుంది, గాలి తక్కువగా ఉంటుంది. అటువంటి చోటే ఈ బాక్టీరియాకు కావాలి. తిన్న ఆరు నుండి ఇరవైనాలుగు గంటలకు కడుపునొప్పి, విరేచనాలు కలుగుతాయి. సాధారణంగా ఒక రోజులో తగ్గుతాయి.

సాల్మొనెల్లా కోళ్ళ పేగులలో ఉంటుంది. గుడ్డు పెంకు మీదనే గాక, వ్యాధి సోకిన కోడి అండాశయం ద్వారా గుడ్డు లోపలికి కూడా చేరగలదు. కనుక పెంకు కడిగినంత మాత్రాన గుడ్డు సురక్షితం కాదు. మయొనైజ్ పచ్చసొన, నూనె, నిమ్మరసం లేదా వెనిగర్ కలిపి గిలకొట్టగా వచ్చే పదార్థం. దీనిని ఎక్కడా ఉడికించరు. కర్మాగారాలలో పాశ్చరీకరించిన గుడ్డును వాడతారు, పులుపు తగినంత ఉండేటట్లు చూస్తారు. చిన్న దుకాణంలో పచ్చి గుడ్లతో, తక్కువ పులుపుతో మధ్యాహ్నం తయారుచేసి, రాత్రి పదకొండు దాకా బయటే ఉంచితే అందులో సాల్మొనెల్లా పెరగడానికి అవకాశం దొరుకుతుంది. షవర్మాలో మరొక సమస్య ఉంది. మంటకు ఎదురుగా తిరిగే మాంసపు దిమ్మె పైపొర మాత్రమే కాలుతుంది. గిరాకీ ఎక్కువగా ఉన్నప్పుడు తొందరలో లోతుగా కోస్తే సగం ఉడికిన మాంసం రొట్టెలోకి వస్తుంది. సాల్మొనెల్లా లక్షణాలు ఆరు గంటల నుండి ఆరు రోజుల లోపల కనిపిస్తాయి. జ్వరం తోడుగా ఉంటుంది. సరిగా ఉడకని కోడిమాంసం వల్ల వచ్చే కాంపైలోబాక్టర్ వ్యాధికి రెండు నుండి అయిదు రోజులు పడుతుంది.

మలంతో కలుషితమైన నీరు, పచ్చికూరలు, చేతుల ద్వారా ఇ.కొలై, షిగెల్లా వ్యాపిస్తాయి. షిగెల్లా రక్తంతో కూడిన జిగట విరేచనాలను కలిగిస్తుంది. దీనికి వందలోపు కణాలు చాలు, ఆహారంలో వృద్ధి చెందవలసిన అవసరం కూడా లేదు. శీతల ఉష్ణోగ్రతలో కూడా పెరిగే లిస్టీరియా గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది.

నీటి పాత్ర

1908 మూసీ వరదల తరువాత నిర్మించిన ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయి నగరానికి తాగునీటి ఆధారమయింది. అయితే జలాశయంలో నీరు శుభ్రంగా ఉన్నా కుళాయిలో శుభ్రంగా ఉంటుందని చెప్పలేము. రోజులో కొద్ది గంటలే నీరు వదిలే వ్యవస్థలో, సరఫరా ఆగినప్పుడు గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. పక్కనే పగిలిన మురుగు కాలువ ఉంటే గొట్టం బీటల గుండా మురుగు లోపలికి పీల్చబడుతుంది. తిరిగి నీరు వదిలినప్పుడు అది ముందుగా ఇళ్ళలోకి వస్తుంది. 2009 మే నెలలో ముషీరాబాదు సమీపంలోని భోలక్‌పూర్‌లో కలుషితమైన కుళాయి నీరు తాగి వందలాదిమంది అస్వస్థులయ్యారు, పలువురు మరణించారు. రోగులలో కలరా క్రిమి బయటపడింది. వారు తమ ఇంటి నీళ్ళే తాగారు.

ఐసు గడ్డల విషయంలో ఒక తేడాను గమనించాలి. చేపలను, పెట్టెలను చల్లబరచడానికి తయారుచేసే ఐసు తాగడానికి పనికివచ్చే నీటితో తయారు కావలసిన అవసరం లేదు. చెరకురసంలో, షర్బత్‌లో అదే గడ్డను పగులగొట్టి వేస్తే రసం ఎంత తాజాదైనా ప్రయోజనం లేదు. గడ్డకట్టినంత మాత్రాన బాక్టీరియా చావదు.

వ్యాప్తిని అరికట్టడం

ఫుడ్ పాయిజనింగ్ తిన్నవారితో ఆగిపోతుందని అనుకోవడం సగం మాత్రమే నిజం. స్టెఫైలోకోకస్, బాసిల్లస్ సీరియస్ వల్ల కలిగినది ఒకరినుండి ఒకరికి అంటుకోదు. షిగెల్లా, సాల్మొనెల్లా, టైఫాయిడ్ మాత్రం రోగి మలం ద్వారా, చేతుల ద్వారా ఇంట్లోవారికి సోకుతాయి. అందుకే విరేచనాలు అవుతున్నవారు, తగ్గిన తరువాత కనీసం 48 గంటల వరకు, ఇతరులకు వంట చేయకూడదు, వడ్డించకూడదు. రోజుకూలి మీద బతికే హోటలు పనివానికి ఈ నియమం పాటించడం కష్టం. జీతం కోయకుండా సెలవు ఇచ్చే యజమాని దగ్గరే ఇది అమలవుతుంది.

ఆరోగ్యంగా కనిపిస్తూ క్రిమిని మోసేవారిని వాహకులు అంటారు. న్యూయార్క్‌లో వంటమనిషిగా పనిచేసిన మేరీ మలన్ (1869–1938) తనకు ఏ జబ్బూ లేకుండానే పనిచేసిన ఇళ్ళలో అనేకులకు టైఫాయిడ్ అంటించింది. మన దేశంలో హోటలు సిబ్బందికి ఏటా వైద్యపరీక్ష చేయించాలనీ, టైఫాయిడ్ వర్గపు వ్యాధులకు టీకా వేయించాలనీ నిబంధన ఉన్నది ఇందువల్లనే. హైదరాబాదుకు చెందిన భారత్ బయోటెక్, బయోలాజికల్ ఇ సంస్థలు రెండూ టైఫాయిడ్ కాంజుగేట్ టీకాను తయారుచేస్తున్నాయి.

ఇంటిలో పాటించవలసినవి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో అయిదు సూత్రాలుగా చెప్పింది. శుభ్రత పాటించడం, పచ్చి మాంసాన్ని వండిన ఆహారాన్ని వేరుగా ఉంచడం, పూర్తిగా ఉడికించడం, తగిన ఉష్ణోగ్రతలో నిల్వచేయడం, మంచి నీరు, మంచి సరకులు వాడడం అనేవి అవి. వీటిలో తెలుగు ఇళ్ళలో ఎక్కువగా తప్పేది రెండవది. కోడిమాంసం కోసిన కత్తిపీటతోనే సలాడుకు ఉల్లిపాయలు, కీరా తరుగుతారు. మాంసం ఉడుకుతుంది గాని ఉల్లిపాయ ఉడకదు. మాంసాన్ని పసుపు, ఉప్పు వేసి కడగడం ఆనవాయితీ. అయితే ధారగా పడే కుళాయి కింద కడిగితే తుంపరలు చుట్టూ ఉన్న గిన్నెల మీద పడతాయి. లోతైన పాత్రలో నెమ్మదిగా కడిగి, ఆ చోటును సబ్బుతో శుభ్రం చేయడం మేలు.

వండిన ఆహారాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. పెద్ద గిన్నెను అలాగే ఫ్రిజ్‌లో పెడితే మధ్యభాగం చల్లబడడానికి చాలాసేపు పడుతుంది. వెడల్పాటి పళ్ళెాలలో పలుచగా పరచి చల్లార్చి లోపల పెట్టాలి. తిరిగి వేడిచేసేటప్పుడు పొగలు వచ్చేదాకా, ఒక్కసారి మాత్రమే చేయాలి.

తెలుగు వంటలలో రక్షణ

ప్రయాణాలకు పులిహోర కట్టుకోవడం వెనుక మంచి కారణమే ఉంది. చింతపండు పులుపు, ఉప్పు, నూనె బాక్టీరియా వృద్ధిని తగ్గిస్తాయి. ఆవకాయలో నీటిచుక్క పడకూడదని పెద్దలు చెప్పేది కూడా ఇదే సూత్రం మీద ఆధారపడినది. ఉప్పు, నూనె, కారం మధ్య ఉన్న ముక్కలో బాక్టీరియాకు కావలసిన నీరు అందదు. పెరుగన్నంలో లాక్టిక్ ఆమ్లాన్ని ఇచ్చే బాక్టీరియా పెరిగి ఇతర బాక్టీరియాలను అణచివేస్తుంది. కాని ఈ రక్షణలు పరిమితమైనవి. పాలు ఎక్కువపోసి తోడు తక్కువ వేసిన పెరుగన్నానికి పులిసే వరకు ఆ బలం ఉండదు. కొబ్బరి చట్నీకి ఏ రక్షణా లేదు, వేసవిలో అది పూట కూడా నిలవదు.

చికిత్స

వాంతులు, విరేచనాల వల్ల శరీరం నీటిని, లవణాలను కోల్పోవడమే అసలు ప్రమాదం. 1971 బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బనగాఁవ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ చక్కెర, ఉప్పు కలిపిన ద్రావణంతో కలరా మరణాలను గణనీయంగా తగ్గించాడు. నేటి ఓ.ఆర్.ఎస్. పొట్లాలకు అదే మూలం. పొట్లం దొరకనప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాను నిండా గుట్టగా కాక అంచుకు సమంగా కొలిచి కలపాలి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు హాని. గంజి, పలుచని మజ్జిగ కూడా ఇవ్వవచ్చు. తల్లిపాలు ఆపకూడదు. పిల్లలకు వైద్యులు జింక్ మందును కూడా సూచిస్తారు.

విరేచనాలను వెంటనే కట్టే మాత్రలు జ్వరం, రక్తం ఉన్నప్పుడు వాడకూడదు. యాంటీబయాటిక్స్ అన్ని సందర్భాలలోను అవసరం లేదు. స్టెఫైలోకోకస్ విషం మీద అవి పనిచేయనే చేయవు. మలంలో రక్తం, తీవ్ర జ్వరం, మూత్రం రాకపోవడం, మగత, కళ్ళు లోతుకు పోవడం, చూపు రెండుగా కనిపించడం, తాగిన నీరు నిలవకపోవడం ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. నాంపల్లికి సమీపంలో రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రి పిల్లల కోసం, జనం కోరంటి దవాఖానా అని పిలిచే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి అంటువ్యాధుల కోసం ఉన్న ప్రభుత్వ ఆసుపత్రులు.

కారణాన్ని కనుగొనే పద్ధతి

పత్రికలలో ఫుడ్ పాయిజన్ అన్న మాటతో వార్త ముగుస్తుంది, ఏ బాక్టీరియా అన్నది చాలాసార్లు తెలియదు. ఆహారం పారవేయడం, పాత్రలు కడిగివేయడం ఇందుకు ముఖ్య కారణం. మిగిలిన ఆహారాన్ని శుభ్రమైన డబ్బాలో మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి అధికారులకు అప్పగించాలి. రోగి మలం నమూనాను యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే తీయాలి. తెలంగాణలో రాష్ట్ర ఆహార ప్రయోగశాల నాచారంలో ఉంది. అబిడ్స్‌కు దగ్గరలో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో నీటి పరీక్షలు జరుగుతాయి.

ప్రయోగశాల కంటె ముందే లెక్క కొంత చెబుతుంది. ఒక విందుకు 100 మంది వచ్చారనుకుందాం. పనీరు కూర తిన్న 60 మందిలో 45 మంది, తినని 40 మందిలో నలుగురు జబ్బుపడ్డారు. అంటే తిన్నవారిలో 75 శాతం, తిననివారిలో 10 శాతం. మిగిలిన వంటకాలకు ఈ తేడా కనిపించకపోతే అనుమానం పనీరు మీద నిలుస్తుంది. అందరికీ మూడు గంటలలో వాంతులు మొదలయితే స్టెఫైలోకోకస్ లేదా బాసిల్లస్ సీరియస్ అనీ, మరునాడు జ్వరంతో మొదలయితే సాల్మొనెల్లా అనీ ఊహించవచ్చు. చివరగా తిన్నదాన్నే నిందించడం సామాన్యంగా జరిగే తప్పు. రెండు రోజుల క్రితం తిన్నది కారణం కావచ్చు, టైఫాయిడ్ అయితే రెండు వారాల క్రితం తాగిన నీరు కావచ్చు.

చట్టం

1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం స్థానంలో 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం వచ్చింది. దాని నియమాలు 2011 ఆగస్టు 5 నుండి అమలులోకి వచ్చాయి. తోపుడు బండి నుండి పెద్ద హోటలు వరకు అందరూ రిజిస్ట్రేషను గాని, లైసెన్సు గాని పొందాలి. 14 అంకెల సంఖ్య గల ఆ పత్రాన్ని కనిపించేటట్లు ఉంచాలి. 30వ సెక్షన్ ప్రకారం ప్రజారోగ్యం దృష్ట్యా ఏదైనా ఆహార పదార్థాన్ని ఏడాదికి మించకుండా నిషేధించే అధికారం రాష్ట్ర ఆహార భద్రత కమిషనరుకు ఉంది. ఫుడ్ పాయిజనింగ్ సంఘటనలను వైద్యులు తెలియజేయాలని నోటిఫై చేసే అధికారం 35వ సెక్షన్ ఇస్తుంది. కొనుగోలుదారు తానే రుసుము చెల్లించి ఆహారాన్ని పరీక్ష చేయించుకోవడానికి 40వ సెక్షన్ వీలు కల్పిస్తుంది, ఈ సంగతి చాలామందికి తెలియదు. సురక్షితం కాని ఆహారం వల్ల మరణం సంభవిస్తే 59వ సెక్షన్ కింద ఏడేళ్ళకు తగ్గకుండా యావజ్జీవం వరకు జైలుశిక్ష, పది లక్షల రూపాయలకు తగ్గని జరిమానా విధించవచ్చు. 65వ సెక్షన్ కింద మృతుని కుటుంబానికి కనీసం అయిదు లక్షల రూపాయలు, తీవ్రంగా గాయపడినవారికి మూడు లక్షలకు మించకుండా పరిహారం ఇప్పించవచ్చు.